మోకాల్లోతే

క్యాంపు, ఘాట్ కింద
12 ఆగస్టు 2024, సోమవారం

హేమక్కా,

క్షేమమా అని అడగను. నేను క్షేమం అని కూడా రాయను. ఆ రెండు మాటల కోసం అరగంట కాగితం ముందర కూర్చున్నాను. రాలేదు. వదిలేస్తున్నాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తిన ఒక్కసారీ నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. అందుకే ఉత్తరం. జీపు డ్రైవరు సోమవారం సరుకులకు ఊళ్ళోకి పోతాడు, వాడి చేతికిస్తే పోస్టులో వేస్తాడు. ఇక్కడ కవరు విప్పి చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కన్నడంలో రాస్తే అందరూ చదువుతారు, అందుకని తెలుగు. నీకు అమ్మ పలక మీద నేర్పింది. నాకు నేర్పేలోపే పోయింది. చింతామణి బస్టాండులో ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నది నాది. తప్పులుంటే దిద్దుకుని చదువు.

బావ పదకొండో రోజుకు నేను రాలేదని మీ ఊరంతా అంటున్నారట. అననీ. మట్టికి వచ్చాను కదా. మీ ఇంటి ముందర షామియానా కింద నిలబడితే ఒక్కరు కూర్చోమనలేదు. ఎవరో పెద్దాయన నా చొక్కా పట్టుకుని, "నువ్వే కదప్పా పిల్చుకోని పోయిండేది" అన్నాడు. అవును, నేనే. బావ నన్ను చూసినప్పుడల్లా ఏమనేవాడో నీకు తెలుసు. "నీళ్ళల్లో ఆడుకునేది గూడా ఒక పనేనా రా ధనా?" అనేవాడు. దానికే పిలిచాను. ఒకసారి వచ్చి చూడు, నేను చేసేది పనో ఆటో నువ్వే చెప్పు అన్నాను. నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని, భుజాన సంచులు తగిలించుకుని వచ్చాడు. రెండు రోజులు అడవిలో నడక, మూడో రోజు ఏట్లో రాఫ్ట్, అదే రబ్బరు పడవ. ఆ మూడో రోజు ఆదివారం.

గురువారం అదే రాఫ్ట్ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఓనరు దాన్ని సబ్బు నీళ్ళతో కడిగించాడు, అంతే. బెంగళూరు నుంచి పదహారు మంది వచ్చారు. తెడ్లు పైకెత్తి ఫోటోలు దిగారు. అందులో ఒకమ్మాయి నన్ను అడిగింది, "ఇక్కడ ఎప్పుడైనా ఎవరైనా పోయారా?" అని. ఓనరు నా పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. నేను లేదన్నాను. వాడి గొంతు కోయాలనిపించింది. కోయలేదు. తెడ్డు పట్టుకుని రాఫ్ట్ వెనక కూర్చున్నాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. నేను చూస్తున్నాను.

నీకు ఏమైనా కావాలంటే రాయి.

ధనుంజయ

*

కైవార దగ్గర, ఇంటి నుంచి
20 ఆగస్టు

ధనా,

ఉత్తరం అందింది.

పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి, పొర విడిచే నిద్రలో. ఆకు ముట్టడం లేదు. రేపు లేస్తాయి. లేచాక రోజుకు నాలుగుసార్లు ఆకు వేయాలి. పోయినసారి ఆయన కోసుకొచ్చేవారు. ఇప్పుడు నేనే కోస్తున్నాను. నాకు ఏమీ అక్కర్లేదు.

ఒక్కటే అడగాలి.

స్టేషన్ నుంచి హేళికె కాపీ వచ్చింది. ఆ రోజు ఏమి జరిగిందని క్యాంపు వాళ్ళు చెప్పి రాయించిన కాగితం. కన్నడంలో ఉంది. అత్త చదవమంటే చదివాను. అంబరీష్ అనే మనిషి తాగి ఉన్నాడు, వద్దన్నా వినకుండా లైఫ్ జాకెట్ విప్పేశాడు, నీళ్ళలోకి దూకాడు అని ఉంది. కింద సాక్షి సంతకం నీది. నీ 'ధ' నాకు తెలుసు, తోక కిందికి లాగుతావు.

అత్త ఆ రోజు నుంచి అన్నం తినడం లేదు. రాగిగంజి రెండు గుక్కలు తాగి పడుకుంటుంది. రెండేళ్ళ కిందట ఆయన కైవార గుడిలో వెలుగుతున్న కర్పూరం చేత్తో ఆర్పి, ఇక తాగనని ఒట్టు పెట్టుకున్నారు. పక్కన అత్త ఉంది, నేను ఉన్నాను. ఈ రెండేళ్ళు తాగలేదు. అత్త అంటుంది, "కర్పూరం తప్పినోన్ని దేవుడు ఉంచడు. నా కడుపున పుట్టినోడు కర్పూరం తప్పినాడు." పొద్దున అదే మాట, సాయంత్రం అదే మాట. అరవదు, ఏడవదు. గోడకు చెబుతున్నట్టు అంటుంది.

ఆయన తాగారా? అది రాయి. మిగతావి అక్కర్లేదు.

హేమావతి

*

క్యాంపు
29 ఆగస్టు

అక్కా,

నువ్వు కాగితాన్ని నమ్ముతావా, తమ్ముణ్ణి నమ్ముతావా?

సంతకం నాదే. ఓనరు పెట్టమన్నాడు. నా గైడ్ కార్డు వాడి బీరువాలో ఉంది. ఆ కార్డు కోసం రెండేళ్ళు వీళ్ళ టెంట్లు మోశాను, గిన్నెలు తోమాను. నాకు ఇంగ్లీషు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. వచ్చినవాళ్ళ మాటలు విని, వాళ్ళు పారేసిన చిప్స్ ప్యాకెట్ల మీద చదివి నేర్చుకున్నాను. టెన్త్ తప్పినవాడివి, నీకు ఇంగ్లీషు సంతకం ఎందుకని ఓనరు అందరి ముందర అన్నాడు. ఆ కాగితం వాడు రాయించిందే. ఒక్క మాట నాది కాదు. వాడు మనిషే కాదు. వర్షం ఎంత పడినా, నీళ్ళు ఎంత ఎక్కినా రాఫ్ట్ ఆపడు. ఆ వారం ఆపమని నేనే చెప్పాను. విన్నాడా?

బావ గురించి అడిగావు. రాస్తాను. మొదటి రోజు అడవిలో పదమూడు కిలోమీటర్లు నడిచాము. వాన ఆగలేదు. జలగలు. మన వైపు జలగ ఎక్కడుంది? బావ ఒక చెట్టు మొద్దు మీద కూర్చుని ప్యాంటు పైకి మడిచి లెక్కపెట్టాడు. పద్దెనిమిది. "మా అమ్మకు చెప్పొద్దురా ధనా, రక్తం పోయిందని నెల్లాళ్ళు నువ్వులుండలు తినిపిస్తాది" అన్నాడు. బావ స్నేహితుల్లో నాగరాజ్ ఉప్పు మూట తీసి చల్లుతుంటే, "అంత ఉప్పు ఎందుకురా, నన్ను ఊరగాయ పెడతాండావా?" అన్నాడు.

తర్వాత ఒక వాగు వచ్చింది. పెద్దది కాదు. బావ దాని ఒడ్డున కూర్చుని చెయ్యి పెట్టాడు. తియ్యలేదు.

"ఇది యాడికి పోతాది?"

"ఏట్లోకి పోతాది బావా."

"ఏరు యాడికి పోతాది?"

"సముద్రానికి."

"సముద్రానికి ఏం తక్కువైందిరా? మా చేన్లో పదమూడొందల అడుగులు బోరు దించితే దుమ్ము లేచింది. ఈడ చూస్తే అడిగే దిక్కు లేకుండా పోతాండాది."

మేము నవ్వాము. బావ నవ్వలేదు. ఆ వాగు నీళ్ళు ఎన్ని ఎకరాల మల్బరీకి వస్తాయో నాగరాజ్‌తో వాదించాడు. గుడారాలు వేసే చోటు వచ్చేదాకా అదే మాట. రెండు సాయంత్రాలూ తాగేవాళ్ళు తాగారు, పాడేవాళ్ళు పాడారు. ఎవరు ఏం చేశారని నేను చూస్తూ కూర్చోలేదు, వంట నాది. ఇంతకంటే ఏం రాయాలి.

అత్తమ్మను అన్నం తినమను. కాగితాలకు ఏమి, ఎవడైనా రాస్తాడు.

ధనుంజయ

*

ఇంటి నుంచి
9 సెప్టెంబర్

ధనా,

తాగారని అర్థమైంది. తాగలేదని ఒక్క మాట రాయడానికి నీకు ఇంకు చాలలేదు. పద్దెనిమిది జలగల గురించి రాశావు.

అత్తకు చెప్పాను. ఆమె అడిగితే అబద్ధం చెప్పలేకపోయాను. చవితి రోజు ఊళ్ళో అందరూ వినాయకుణ్ణి తెచ్చుకుంటున్నారు. అత్త చెప్పుల్లేకుండా కైవార దాకా నడిచింది. కొడుకు ఆర్పిన చోటే కర్పూరం వెలిగించి, "వాని తరపున నేను తప్పు ఒప్పుకుంటాండాను, ఆడ వాన్ని ఏం చేయొద్దు" అని మొక్కింది. వెనక నేను నిలబడి ఉన్నాను. అరికాలు చీరుకుపోయి ఇప్పుడు మంచం మీద ఉంది. పసుపు పెట్టాను.

నిన్న నాగరాజ్ వచ్చాడు. ఇన్నాళ్ళూ మొహం చూపించలేదు. కాఫీ ఇస్తే తాగలేదు. నేను ఏమీ అడగలేదు. తనే అన్నాడు, "అంబరీష్ రాఫ్ట్ నుంచి పడినాడు వదినా, కానీ బాగనే తేలినాడు. ఒడ్డు దగ్గిరికి వచ్చేసినాడు. ధన ఏందో అరిచినాడు. నీళ్ళ సప్పుట్లో మాకు ఇనపడలే. అంతలో వాడు లేసి నిలబడినాడు, మళ్ళ పడినాడు. అంతే." తాగి ఉన్నారా అంటే తల వంచుకుని, స్టేషన్లో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళే రాసుకున్నారు అన్నాడు. అంతలో అత్త లోపలి నుంచి ఎవరు వచ్చారని పిలిచింది. వాడు లేచి వెళ్ళిపోయాడు.

పోయిన ఉగాదికి మా ఇంట్లో నీకూ ఆయనకూ మాటా మాటా వచ్చింది. ఆయన నీ పనిని ఎగతాళి చేశారు. నువ్వు కంచం తోసేసి లేచి పోయావు. నీ కోపం నాకు తెలుసు. నీళ్ళలో పడిన మనిషిని కూడా తిట్టావా? ఏమని అరిచావు?

నీ కోపం చూసి బెదిరి లేచి నిలబడి ఉంటారా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. పురుగులకు ఆకు వేస్తూ అదే ఆలోచన.

హేమావతి

*

క్యాంపు
19 సెప్టెంబర్

అక్కా,

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వరుసగా రాస్తాను. కొట్టివేతలు ఉంటే ఉండనీ.

బావ తాగలేదు. ముందు రోజు సాయంత్రం గ్లాసు ఇస్తే బోర్లించి పెట్టాడు. "నాది కైవారలో ఆరిపోయిందప్పా" అన్నాడు. ఆ రోజు పొద్దున ఉప్పిండి రెండుసార్లు పెట్టించుకుని టీ తాగాడు. లైఫ్ జాకెట్ నేనే తొడిగి, నాలుగు బకిల్స్ నేనే లాగి బిగించాను. "ఊపిరి ఆడ్నీరా" అన్నాడు. విప్పలేదు. దూకలేదు.

నది మీద మాకు ఒక నియమం ఉంది. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలాలి. కాళ్ళు ముందుకు, పాదాలు నీళ్ళ పైకి. మోకాల్లోతు నీళ్ళయినా, ఒడ్డు చేతికి అందేంత దగ్గరున్నా, పారే నీళ్ళలో లేచి నిలబడకూడదు. అడుగున రాళ్ళ సందులు ఉంటాయి. పాదం సందులో పడిందంటే వెనక నుంచి నీళ్ళు మనిషిని ముందుకు తోసి పడుకోబెడతాయి. తర్వాత లేవడం కుదరదు. లోతు నీళ్ళలో కంటే ఇట్లా పోయినవాళ్ళే ఎక్కువని మాకు ట్రైనింగులో చెప్పారు. ఈ మాట నేను వారానికి నలభైసార్లు చెబుతాను. కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో. బావ వాళ్ళకు కూడా ఆ రోజు పొద్దున చెప్పాను, మిగతా రాఫ్ట్ వాళ్ళతో కలిపి నిలబెట్టి, కన్నడంలో. బావ తలకాయ ఊపాడు.

మూడో ఉరవడిలో, నీళ్ళు రాళ్ళ మీంచి దూకే చోట, రాఫ్ట్ ఎగిరింది. బావ ఒక్కడే పడ్డాడు. చెప్పినట్టే తేలాడు, కాళ్ళు ముందుకు పెట్టుకుని. ఉరవడి దాటేశాడు. కింద నీళ్ళు పలచబడి ఒడ్డు పక్కగా పారతాయి. అక్కడికి వచ్చి చేతులు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మొహం చూశాను. భయపడిన మొహం. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. పడినవాళ్ళకు విసిరే తాడు సంచి నా చేతిలోనే ఉంది.

మన కుంట గుర్తుందా? ఎప్పుడో ఒక ఏడు నిండేది. మనం దిగేవాళ్ళం. ఎవడో ఒకడు మోకాల్లోతులో పడి మునిగిపోతాండా అని కేకలు పెట్టేవాడు. గట్టు మీద వాళ్ళంతా నవ్వుతా ఏమని అరిచేవాళ్ళు?

నేను అదే అరిచాను. "నిలబడు బావా, మోకాల్లోతే!" నవ్వుతా అరిచాను అక్కా. కన్నడం రాలేదు, ఇంగ్లీషు రాలేదు. అంతకు ముందు నా రాఫ్ట్‌లో మన భాష మనిషి ఒక్కడూ ఎక్కలేదు. బావ మొహం చూస్తే అదే వచ్చింది. రెండేళ్ళు నేర్చుకున్నది ఆ ఒక్క క్షణం నాలో లేదు.

బావ విన్నాడు. నా వైపు చూశాడు. తనూ నవ్వబోయాడు. లేచి నిలబడ్డాడు. నీళ్ళు నిజంగానే మోకాలి దాకానే ఉన్నాయి.

తర్వాత పదకొండు నిమిషాలు. పాదం రాయి సందులో ఉంది. తల నీళ్ళలో. నలుగురం పట్టుకుని పైకి లాగాము, నీళ్ళు మళ్ళీ తోశాయి. జాకెట్ నీళ్ళను పట్టుకుని మనిషిని కిందికే ఒత్తుతోంది. కత్తితో దాన్ని కోసేశాను. కోశాక పాదం వచ్చింది. మనిషి రాలేదు.

ఒంటి మీద జాకెట్ లేదు కాబట్టి బావే విప్పేశాడని ఓనరు రాయించాడు. కూడా వచ్చినవాళ్ళలో ముగ్గురు ముందు రోజు తాగారు కాబట్టి తాగాడని రాయించాడు. చదివి వినిపించాడు. అందులో బావ తప్పు ఉంది, వర్షం తప్పు ఉంది. నా పేరు సాక్షిగా తప్ప ఎక్కడా లేదు. కార్డు కోసం పెట్టలేదు అక్కా ఆ సంతకం. ఆ కాగితంలో నేను అరవలేదు, అందుకు పెట్టాను.

ఓనర్ని తిడుతూ నీకు రాసినవన్నీ నిజమే. వాడు అట్లాంటివాడే. కానీ అవన్నీ ఇది రాయకుండా ఉండడానికి రాశాను.

ధనుంజయ

*

ఇంటి నుంచి
28 సెప్టెంబర్

ధనా,

చదివాను.

అత్త కాళ్ళకు కట్టు మారుస్తుంటే, "ధన రాసినాడా?" అంది. రాశాడన్నాను. చదవమంది. బావ తాగలేదు అనే దగ్గర మొదలుపెట్టాను. గ్లాసు బోర్లించడం, కైవారలో ఆరిపోయిందని అనడం చదివాను. "మళ్ళ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. ఉప్పిండి రెండుసార్లు పెట్టించుకున్నాడు అంటే, "వానికి ఉప్పిండంటే పానం" అంది. జాకెట్ నువ్వు బిగించావు అనే దాకా చదివి, అంతే ఉంది అన్నాను. కాగితం మడిచేశాను.

ఆ మధ్యాహ్నం అన్నం పెట్టమంది. పప్పు వేసుకుని తినింది. రెండోసారి అడిగింది.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇప్పుడు అదే చెబుతోంది. "నా కొడుకు కర్పూరం తప్పలే. ధన రాసినాడు. ఆ పిల్లోడు నిజం మనిషి." నేను పక్కనే కూర్చుని వింటున్నాను.

నీ మీద కోపం రావాలి. వస్తుందేమోనని చూస్తున్నాను. ఇంకా రాలేదు. ఏడుపు కూడా రావడం లేదు. నిన్న పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు కడిగి ఎండలో పెట్టాను. తర్వాత ఏమి చేశానో గుర్తు లేదు. సాయంత్రమైంది.

స్టేషన్‌కు పో. తాగలేదని చెప్పు, జాకెట్ వేసుకున్నారని చెప్పు, నువ్వు ఏమి అరిచావో చెప్పు. మూడూ రాయించు. నాకు రాస్తే సరిపోదు. ఆ పాత కాగితం ప్రభుత్వం దగ్గర ఉన్నంత కాలం ఆయన తాగి చచ్చినవాడే.

మూడోది చెప్పకుండా మొదటి రెండే చెప్పాలని నీకు అనిపిస్తుంది. నీ ఇష్టం. నేను కూడా అత్త దగ్గర ఆ పనే చేశాను.

హేమావతి

*

కాఫీ తోట, ఘాట్ పైన
14 అక్టోబర్

అక్కా,

పోయాను. మూడుసార్లు తిప్పారు. మొదటిసారి ఎస్.ఐ. లేడన్నారు. రెండోసారి ఉన్నాడు కానీ, "అయిపోయిన దాన్ని ఇప్పుడు ఎందుకు కెలుకుతావు?" అన్నాడు. నేను బల్ల గుద్దాను. బయటికి తోశారు. మూడోసారి బల్ల గుద్దలేదు. నేనే నాలుగు పేజీలు రాసుకుని పోయాను, కన్నడంలో. రసీదు ఇచ్చేదాకా బెంచీ మీదనే కూర్చుంటానన్నాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా కూర్చున్నాను. రైటరు చదివాడు. మూడో పేజీ దగ్గర తల ఎత్తి, "నిలబడమని అరవడం కూడా ఒక నేరమా? ఇది తీసేయ్, నీకే మంచిది" అన్నాడు. తియ్యనన్నాను. ముద్ర వేసి ఇచ్చాడు. కేసు మళ్ళీ చూస్తారట. ఎప్పుడో చెప్పలేదు.

జిరాక్స్ ఇందులో పెట్టాను. మూడో పేజీ అత్తమ్మకు చదువుతావో మానుతావో నీ ఇష్టం. ఆమె నన్ను నిజం మనిషి అంటోందని రాశావు. ఆ వాక్యం చదివాక రెండు రోజులు పని చేయలేకపోయాను. చదివెయ్యి అక్కా.

ఓనరు పొమ్మన్నాడు. కార్డు ఇవ్వలేదు. అడగలేదు. ఇక్కడ తోటలో మిరియాల తీగలు కడుతున్నాను. నీళ్ళ చప్పుడు ఇక్కడికీ వస్తుంది. విలాసం కవరు వెనక ఉంది.

ధనుంజయ

*

ఇంటి నుంచి
24 అక్టోబర్

ధనా,

మూడో పేజీ చదివాను. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. నువ్వు అరిచిన మాట దగ్గర కన్నడంలో వేరేగా రాశావు, నేను మన మాటే చెప్పాను.

 అత్త కాలు గాయం మీద పొలుసు గిల్లుకుంటూ కూర్చుంది. గిల్లొద్దు అత్తా అన్నాను. వినలేదు. నిన్ను తిడుతుందని అనుకున్నాను. శపిస్తే ఏమి చేయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

"వాడు ఎవరి మాటా ఇనేవాడు కాదు. వాళ్ళ నాయన మాట ఇనలే, నా మాట ఇనలే, నీ మాట ఇనలే" అంది. పొలుసు గిల్లడం ఆపి, "ఈని మాట ఇన్యాడు" అంది.

అది నిన్ను అన్నదో, కొడుకును అన్నదో నాకు తెలియలేదు.

పొద్దున లేవగానే నన్ను పిలిచి ఇట్లా రాయమంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: "రాసి పంపితే సాలదు. వాన్ని రమ్మను. వచ్చి నా ముందర నిలబడి ఆ మాట ఎట్ల అరిచినాడో అట్లే అరవమను. నవ్వుతా అరిచినాడంట కదా, అట్లే నవ్వుతా అరవమను. నా కొడుకు ఆఖరున ఇన్న మాట నేనూ ఇనాల."

మంగళవారం పట్టుగూళ్ళు మార్కెట్‌కు తీసుకుపోవాలి. బుధవారం ఇద్దరమూ ఇంట్లోనే ఉంటాము.

హేమావతి